చెయ్యి వేసే ముందు

వీధిలో బండి ఆగిన చప్పుడైతే చాలు, ఆ వడ్రంగి షెడ్డులో తమ్ముడి గొంతు తగ్గిపోయేది.

"అక్కా, ఎవరో వచ్చారు. కాసేపు లోపలికి వెళ్లవా?"

ఆమె మిషన్ ఆపి, చేతులకంటిన పొట్టు దులుపుకుని వెనక గదిలో కూర్చునేది. వచ్చినవాళ్లు తలుపుల పనితనం చూసి తమ్ముణ్ణి మెచ్చుకునేవారు. ఆ మెప్పంతా అక్క గోడ చాటునుంచి వినేది.

పన్నెండేళ్ల కిందట జబ్బు చేసి ఆమె చూపు పోయింది. తండ్రి నేర్పిన పని మాత్రం పోలేదు. తమ్ముడు చెడ్డవాడేం కాదు. చూపులేని మనిషి కోసిందంటే జనం బెదిరిపోతారని అతని భయం. ఆ భయానికే జాగ్రత్త అని పేరు పెట్టుకున్నాడు. మనలో ఎంతమందిమి అలా పెట్టుకోలేదు?

ఆ రోజు గ్రంథాలయానికి ఎనిమిది మూలల కిటికీ చట్రం చేస్తున్నారు. ఎనిమిది ముక్కలు, ముక్కకు రెండు చివర్లా కలిపి పదహారు కోతలు. కోణాలు కోసే ఆ మిషన్ పళ్లెం తిప్పుతుంటే, ముఖ్యమైన కోణం వచ్చినప్పుడల్లా టక్కున గాడిలో పడుతుంది. సున్నా నుంచి మొదటి గాడి పదిహేను డిగ్రీలు, రెండోది ఇరవై రెండున్నర. కావలసింది ఆ రెండోదే. అయినా ఆమె ఊరికే నమ్మదు. ప్లగ్గు పీకి, తాను చేసుకున్న కోణపు చెక్కను బ్లేడుకు ఆనించి, సందు లేదని వేలితో తడిమి చూసుకుంటుంది. ఆ తర్వాతే కలపను బిగించి, ఎడమ చెయ్యి నడుం వెనక్కి పెట్టుకుని కోత మొదలుపెడుతుంది.

పదకొండో కోత నడుస్తోంది. తమ్ముడు పెరట్లో ఉన్నాడు. కిటికీ చేయమన్న రిటైర్డ్ హెడ్మాస్టరు నడుచుకుంటూ వచ్చి గుమ్మంలో ఆగాడు. మూసిన రెప్పలు, తిరుగుతున్న బ్లేడు ఆయన కంటపడ్డాయి.

"అయ్యో తల్లీ!" అంటూ ఉరికి ఆమె భుజం పట్టి లాగాడు.

ఆమె తూలింది. ఆపుకోబోయిన ఎడమ చెయ్యి బల్ల మీద పడింది. కుడిచేతి వేలు మీట వదిలేసింది గానీ, బ్లేడు వెంటనే ఆగదు. అది ఎటు ఉందో ఆమెకిప్పుడు అంతు చిక్కడం లేదు. వేళ్లకు దాని గాలి తగులుతోంది.

"లాగకండి! ఎవరైనా సరే, వదిలెయ్యండి!"

పిడిని లేపకుండా, చెయ్యి కదపకుండా బిగుసుకుపోయింది. హోరు సన్నబడింది. ఇంకా సన్నబడింది. ఆగింది.

పరుగున వచ్చిన తమ్ముడు చూశాడు. అక్క చూపుడువేలికీ బ్లేడుకీ మధ్య బియ్యపుగింజంత ఎడం.

"నిన్ను కాపాడదామనే అమ్మా..." అన్నాడు హెడ్మాస్టరు.

"పన్నెండేళ్లలో మిషన్ దగ్గర నాకు భయమేసింది ఇవాళే మాస్టారూ," అందామె.

"అక్క రోజూ చెయ్యదండీ, ఇవాళేదో..." అని మొదలుపెట్టిన తమ్ముడు, ఆ వేళ్లు చూసి ఆగిపోయాడు. "కాదండీ. ఇక్కడి కోతలన్నీ అక్కవే. నేనే దాచాను. ముందే చెప్పి ఉంటే మీరు కంగారుపడేవారు కాదు."

అక్క పిడిని పైకి లేపి, బిగించిన ముక్కను తడిమి బయటికి తీసింది.

"ముక్క పాడైంది. కొత్తది అందివ్వరా," అంది.

కోణం మళ్లీ సరిచూసుకుని మిగిలిన కోతలన్నీ వాళ్ల ఎదుటే పూర్తి చేసింది. ఎనిమిది ముక్కలూ ఒద్దికగా కలిశాయి.

గ్రంథాలయం తెరిచిన రోజున హెడ్మాస్టరు ఆమెను అందరికీ పరిచయం చేసి, దాచకుండా జరిగిందంతా చెప్పాడు. చివరగా ఇలా అన్నాడు:

"జాలిపడి ఎవరి మీదైనా చెయ్యి వేసే ముందు, సాయం కావాలా అని నోరు తెరిచి అడగండి. అక్కర్లేదంటే వాళ్ల పని వాళ్లకు వచ్చని నమ్మండి."