పడమటి కిటికీలు

లేగోస్‌లో ఉద్యోగం మానేసి, భవనాల నమూనాలు గీసే సొంత ఆఫీసు పెట్టుకుంటున్నానని చెప్పిన రోజు మా అకౌంటెంటు ఎహిగీ అంకుల్ నన్ను ఆపారు.

"ఎసోహే తల్లీ, సంపాదన ఉన్నా లేకపోయినా ఏటా పన్ను రిటర్న్ వెయ్యి. బద్ధకించకు."

"కరెంటుకి జనరేటరు నాదే, నీళ్ళకి బోరు నాదే. ఇంక ప్రభుత్వానికి పన్నెందుకంకుల్? ముప్పై ఏళ్ళు బుద్ధిగా కట్టారుగా, మీకేం ఒరిగింది? ఇంకా డాన్ఫో బస్సులో వేలాడుతూనే వస్తున్నారు!"

ఆఫీసంతా పకపకా నవ్వింది. ఆయనా నవ్వారు గాని, కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

నాలుగేళ్ళ తర్వాత, నేను చదువుకున్న బడి పక్కన పిల్లల గ్రంథాలయం కట్టడానికి ప్రభుత్వం నమూనాలు అడిగింది. నాది అందరికీ నచ్చింది. పని అప్పగించాలంటే, మూడేళ్ళుగా పన్ను బాకీ లేదని చూపే క్లియరెన్స్ పత్రం వారంలోగా ఇమ్మన్నారు. నేను ఒక్క ఏడాది కూడా రిటర్న్ వెయ్యలేదు.

సిగ్గు చంపుకుని అంకుల్ ఇంటికి వెళ్ళాను. తింటున్న ఎబా పళ్ళెం పక్కన పెట్టి లేచారు.

"అంకుల్, ఆ రోజు నేనన్న మాట..."

"అది సరే గాని, బ్యాంకు కాగితాలు తెచ్చావా?"

రెండు రోజులు కూర్చుని అన్నీ రాసిపెట్టారు. జరిమానాతో సహా కట్టించి, పన్నుల ఆఫీసులో నాతోపాటు వరుసలో నిలబడ్డారు. పత్రం మూడు వారాలకు వచ్చింది. అప్పటికే ఆ పని వేరొకరికి వెళ్ళిపోయింది.

ఈమధ్య గ్రంథాలయం తెరిచారు. కిటికీలన్నీ పడమటి వైపే. సాయంత్రం పిల్లలు పుస్తకాలు చదవడం మాని, వాటిని ఎండకు అడ్డం పెట్టుకుంటున్నారు. నా నమూనాలో అటువైపు పొడవాటి వరండా ఉంది. ఆ నమూనా కాగితాన్ని ఇంతవరకూ పారెయ్యలేకపోయాను.