మూడు పటాలకూ అందని సందు

ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజే పిన్ని నాతో ఒక కాగితం మీద సంతకం పెట్టించింది. ఇక్కడ విన్నది, చూసింది బయట ఎవరితోనూ చెప్పను, ఎవరి పేరూ ఎక్కడా రాయను అని అందులో ఉంది. డైరీ సంగతి అడుగుదామనుకున్నాను గానీ నోరు పెగల్లేదు. పిన్నే కనిపెట్టి, "రాసుకోవే. పేర్లు మాత్రం వద్దు" అంది. అసలు ఆ ఇంట్లో కూడా ఎవరూ ఎవరినీ పేరుతో పిలవరు.

అది మూడు గదుల ఇల్లు. గదికో సంస్థ. ముందు గది పెద్దక్కది. లారీలు ఆగే చోట బల్ల వేసుకుని హెచ్ఐవీ పరీక్షలు చేయడం, కండోములు పంచడం వాళ్ళ పని. మధ్య గది మా పిన్నిది. పరీక్షలో వైరస్ ఉందని తేలినవాళ్ళు మందులు మానకుండా చూసుకుంటారు. వెనక గది సూదుల మామయ్యది. మత్తు సూదులు వేసుకునేవాళ్ళకు కొత్తవి ఇచ్చి, వాడినవి వెనక్కి తీసుకుంటారు. ఒకరి సూది మరొకరు వాడితే వైరస్ అంటుకుంటుందని.

సూదులు చేతికిచ్చి మరీ పాడు చేయడం ఏమిటి అనుకున్నాను. ఆ ప్రశ్న మూడు రోజులు డైరీలోనే ఉండిపోయింది. నాలుగో రోజు నేను ఆ డబ్బాల వంక చూస్తుంటే మామయ్యే, "మానాలంటే ముందు బతికుండాలి కదమ్మా" అన్నాడు. ఆ వారంలో ఆయన నాతో మాట్లాడిన మాట అదొక్కటే.

తొమ్మిదేళ్ళుగా ఊరికి మూడు మూలల్లో ఉన్న ఈ మూడు సంస్థలూ ఈ ఏడే ఒక ఇంట్లోకి వచ్చాయి. ఇక మీదట కలిసి పనిచేద్దామన్నారు. నేను వెళ్ళేసరికి వాళ్ళు కలిసి వాడేది టీ కెటిల్ ఒక్కటే. ఎవరి రిజిస్టరు వాళ్ళది, ఎవరి పటం వాళ్ళది. ఏ వీధిలో తమ మనుషులు ఎంతమంది ఉన్నారో, ఎవరెక్కడ తిరగాలో గీసుకున్న చేతి పటాలవి. ఆ మూడింటినీ ఒకటిగా గీయాలి. మా బడిలో పటాలు గీసేది నేనేనని అమ్మ చెప్పిందట. సెలవుల్లో అలా నేను వాళ్ళకు దొరికాను.

నేను వెళ్ళేనాటికే వాళ్ళందరికీ ఒక దిగులు పట్టుకుని ఉంది. సంచులకు జిప్పులు బాగుచేసే మనిషి ఒకాయన కనిపించడం లేదు. అందరూ జిప్పులన్న అంటారు. పరీక్ష చేయించుకుంది పెద్దక్క దగ్గర, మందులు పిన్ని ద్వారా, సూదులు మామయ్య దగ్గర. అంటే మూడు రిజిస్టర్లలోనూ ఉన్న మనిషి. గది ఖాళీ చేసి ఎటో వెళ్ళిపోయాడు. మందులు తీసుకోవాల్సిన తేదీ దాటి ఇరవై రెండు రోజులైంది.

"మానేస్తే ఏమవుతుంది పిన్నీ?" అని అడిగాను, ఇంట్లో ఇద్దరమే ఉన్నప్పుడు.

"లోపల నిద్రపోతున్నది మళ్ళీ లేస్తుంది. ఎక్కువ రోజులు వదిలేస్తే, తర్వాత అవే మాత్రలు వేసుకున్నా లొంగకపోవచ్చు. మనిషి దొరకాలి, అంతే."

పటం పని నేను అనుకున్నంత తేలిక కాలేదు. పిన్నివాళ్ళ పటంలో అడుగుల లెక్క, పెద్దక్కవాళ్ళ దానిలో కరెంటు స్తంభాల లెక్క, మామయ్య దానిలో ఏ లెక్కా లేదు. వంతెన, రైలు గేటు, ఐసు ఫ్యాక్టరీ పొగగొట్టం మూడింటిలోనూ ఉన్నాయి కాబట్టి వాటిని పట్టుకుని పెద్ద చార్టు మీద గీశాను. గీస్తే మధ్యలో ఒక ముక్క తెల్లగా మిగిలిపోయింది. కొలత తప్పాననుకుని చెరిపి మళ్ళీ గీశాను. మళ్ళీ అంతే. మూడోసారీ అంతే. అప్పటికి నాకు ఆ తెల్లముక్క మీద ఆరాటం పట్టుకుంది. రెండు రోజులు ఓపిక పట్టి చివరికి అడిగాను.

"ఇక్కడ ఏముంది పిన్నీ?"

"ఎక్కడే?"

"ఇక్కడ. ఏమీ లేని చోట."

పిన్ని కళ్ళజోడు సవరించుకుని వంగి చూసింది. "గేటు దాటాక మాది కాదు. అది పెద్దక్కవాళ్ళది."

పెద్దక్క టీ గ్లాసుతో లేచి వచ్చింది. "మాదెట్లా అవుతుంది? లారీల స్టాండు గోడ దాకే మేము. అవతలంతా మామయ్య."

మామయ్య తల అడ్డంగా ఊపాడు. "ఐసు ఫ్యాక్టరీ వెనక గోడ దగ్గర తిరిగొచ్చేస్తాను. అవతల మీరే తిరుగుతున్నారనుకున్నా."

ముగ్గురూ చార్టు మీదికి వంగి ఉండిపోయారు.

"తొమ్మిదేళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళం వదిలేసి హాయిగా నిద్రపోయామన్నమాట" అంది పెద్దక్క.

"అక్కడ మనుషులు ఉంటారా?" అన్నాను.

పిన్ని నా వంక చూసింది. తనేం ఆలోచిస్తోందో నాకు తెలిసిపోయింది, ఎందుకంటే నేనూ అదే ఆలోచిస్తున్నాను. జిప్పులన్న అక్కడే ఉంటే?

మర్నాడు పొద్దున్నే నేనూ పిన్నీ వెళ్ళాం. నా చేతిలో గీసుకునే పుస్తకం, పిన్ని భుజాన సంస్థవాళ్ళ సంచి. దాని మీద, హెచ్ఐవీ పోస్టర్ల మీద ఉండే ఎర్రటి రిబ్బను గుర్తు ఉంటుంది. మూడు సంస్థల సంచుల మీదా అదే గుర్తు. ఐసు ఫ్యాక్టరీ గోడకూ రైలు పట్టాలకూ మధ్య సందు అది. ఇద్దరు పక్కపక్కన నడవలేరు. గోడంతా చెమ్మ. ఎండలో కూడా కాళ్ళ కింద చల్లగా ఉంది. రెండో పక్క రేకుల తలుపులు. అవి లెక్కపెడుతూ, పుస్తకంలో చిన్న చిన్న గడులు గీస్తూ నడిచాను. ముప్పై ఒక్క తలుపులు. వాటిలో ఒక తలుపు పక్కన తాడుకు జిప్పులు వేలాడుతున్నాయి. వేలంత వాటి నుంచి మూరెడు వాటి దాకా, అన్ని రంగులవీ. నాకు ముచ్చటేసి ఆ గడి పక్కన ఒక బుల్లి జిప్పు బొమ్మ గీశాను.

కింద పీట మీద కూర్చున్న మనిషి కొవ్వొత్తి ముక్కతో ఒక సంచి జిప్పు పళ్ళు రుద్దుతున్నాడు. తలెత్తి పిన్నిని చూశాడు. పలకరించలేదు.

"ముందు ఆ సంచి తిప్పి పెట్టక్కా" అన్నాడు. పిన్ని గుర్తు ఉన్న వైపు ఒంటికి ఆనించుకుంది. "లోపలికి రండి. ఇద్దరూ."

లోపల ఒక మంచం, ఒక స్టవ్వు. మేం ముగ్గురం నిలబడితే గది నిండిపోయింది.

"చెప్పా పెట్టకుండా ఎటు పోయావురా తమ్ముడూ. ఊరంతా గాలిస్తున్నాం."

"గాలిస్తారనే భయం" అన్నాడు. "ఆ వారం గుర్తుందా అక్కా? సోమవారం నువ్వొచ్చావు. మంగళవారం పెద్దక్క పంపిన మనిషి. గురువారం మామయ్య. ముగ్గురి భుజాన ఒకే గుర్తు. ఆ ఇల్లుగలావిడకి అక్షరం ముక్క రాదు గానీ ఆ గుర్తు మాత్రం బాగా తెలుసు. శుక్రవారం గది ఖాళీ చెయ్యమంది."

పిన్ని మంచం అంచున కూర్చుండిపోయింది. "మందుల తేదీ దగ్గరకొచ్చిందని చెప్పడానికొచ్చాను నేను."

"తెలుసు. మామయ్య, సూదులు తీసుకెళ్ళలేదేమని వచ్చాడు. ఆ అబ్బాయి ఏదో ఫారం నింపుకోవడానికి. ముగ్గురూ నా మంచికే వచ్చారు. నా గది పోయింది."

"మరి ఇక్కడికే ఎందుకొచ్చారు?" ఆ అడిగింది నేనేనని మాట బయటికొచ్చాక తెలిసింది.

ఆయన నా వైపు తిరిగి మొదటిసారి నవ్వాడు. "మీవాళ్ళెవరూ రాని చోటు ఊళ్ళో ఇదొక్కటే కదమ్మా. రెండేళ్ళు వీళ్ళకి దారి చూపిస్తూ తిరిగాను. ఎవరెక్కడ వెనక్కి తిరుగుతారో నాకు తెలీదా?"

"అయితే ఆస్పత్రికి రావచ్చుగా" అంది పిన్ని.

"వరుసలో ఈ సందువాళ్ళెవరైనా చూస్తే ఇదీ పోతుంది. నువ్వూ అవే మాత్రలు మింగుతావు, కాదనను. కానీ నీ ఇల్లు నీదక్కా. నిన్ను పొమ్మనేవాళ్ళు లేరు."

నేను పిన్ని వంక చూశాను. పిన్ని నా వంక చూడలేదు.

ఆయనే మళ్ళీ అన్నాడు. "నాకూ బతకాలనే ఉంది. రాత్రుళ్ళు చెమటలు పడుతున్నాయి. గురువారం ఆస్పత్రికి వస్తాను. కానీ మూడు మాటలు. ఈ తలుపు మీ పటంలో ఉండకూడదు. సంచి మీద ఆ గుర్తు ఉండకూడదు. ముగ్గురు రాకూడదు, ఒక్కరే రావాలి. ఎవరన్నది నేను చెప్తాను."

"నేనొక్కదాన్ని మాటిస్తే సరిపోదురా. వాళ్ళనీ అడగాలి."

"అడుగు. కుదరదంటే రాను." నా పుస్తకం వైపు గడ్డం ఎత్తాడు. "అందులో ఏం గీశావు చిన్నమ్మాయ్?"

చూపించాను. ముప్పై ఒక్క గడులు, ఒక దాని పక్కన జిప్పు. సిగ్గుతో చెవులు వేడెక్కిపోయాయి. రబ్బరు తీసి ఆయన ముందే జిప్పు చెరిపాను. తర్వాత ఆ గడి ఒక్కటే వేరుగా కనిపిస్తోందనిపించి ముప్పై ఒకటీ చెరిపేశాను. ఆయన కాగితం వెలుతురుకు పట్టుకుని చూసి, తిరిగి ఇచ్చాడు.

తిరిగి వస్తూ సందు దాటాక అడిగాను.

"ఎప్పట్నుంచి పిన్నీ?"

"పదకొండేళ్ళు. నువ్వు బడిలో చేరిన ఏడాది."

"అమ్మకి?"

"తెలుసు. ఇప్పటికీ నా కంచంలోంచి ముద్ద లాక్కుని తింటుంది మీ అమ్మ. తెలిసే నిన్ను నా దగ్గరికి పంపింది." కాస్త దూరం నడిచాక, "ఇంకేమైనా అడగాలా?" అంది. చాలా ఉన్నాయి. తల అడ్డంగా ఊపి పిన్ని చెయ్యి పట్టుకున్నాను.

ఆ మధ్యాహ్నం ముగ్గురూ చార్టు చుట్టూ కూర్చున్నారు. మనిషి దొరికాడని పిన్ని చెప్పగానే పెద్దక్క పెన్ను తీసింది. షరతులు విన్నాక కింద పెట్టేసింది.

"తలుపు గీయకపోతే పటం దేనికి? రేపు తెలిసిన మనిషికి జ్వరమొస్తే కొత్తవాడు ఎక్కడికని వెళ్తాడు? నా బాధ నాది." అది నిజమే. పెద్దక్క నా వైపు తిరిగింది. "నువ్వు లెక్కపెట్టావు కదే. ఎన్నో తలుపు?"

ముగ్గురూ నన్నే చూస్తున్నారు. నా గొంతు నాకే వినబడనంత చిన్నగా వచ్చింది. "చెప్పను."

"ఏంటీ?"

"చెప్పనండి. ఆయన ఎదురుగానే చెరిపాను."

"చూడు, ఇన్నాళ్ళూ నోట్లో నాలుక లేదనుకున్నాను" అంది పెద్దక్క. కోపంగా అందో మెచ్చుకుందో అర్థం కాలేదు.

అప్పుడు మామయ్య అన్నాడు, "ఆ గది మనమే ఖాళీ చేయించాం."

పెద్దక్క లేచి, మేకుకు తగిలించిన తన సంచి ఒళ్ళో వేసుకుని, రిబ్బను గుర్తు కుట్టిన దారాలు కత్తెరతో ఒక్కొక్కటే తెంపడం మొదలుపెట్టింది. "ఊరికే చూస్తారేం? మీవి కూడా తెండి" అంది.

సాయంత్రానికి తేల్చుకున్నారు. సందు పటంలో ఉంటుంది, తలుపులు ఉండవు. ఆ ఒక్క సందుకే కాదు, ఏ వీధికీ ఉండవు. మూడు రిజిస్టర్లలో ఉన్నవాళ్ళ దగ్గరికి ఇక ముగ్గురూ వెళ్ళరు. మీ దగ్గరికి ఎవరు రావాలి, వాళ్ళు రాలేని రోజు ఎవరు రావాలి అని ముందు ఆ మనిషినే అడుగుతారు. ఆ రెండో ప్రశ్న పెద్దక్క పట్టుబట్టి పెట్టించింది. చేతిరాత బాగుంటుందని ఆ కాగితాలు నాతోనే రాయించారు. ఒప్పుకున్నామన్న కబురు పిన్ని ఒక్కతే, గుర్తు లేని సంచితో వెళ్ళి ఆయనకు చెప్పొచ్చింది.

గురువారం నేనూ పిన్నీ తొమ్మిదింటికే ఆస్పత్రికి వెళ్ళాం. మందుల కౌంటరు ఒంటిగంటకు మూసేస్తారు. పది దాటింది, పదకొండు దాటింది. ఎవరు తలుపు తోసినా పిన్ని మెడ అటు తిరుగుతోంది. వస్తాడంటావా అని నన్ను ఐదుసార్లు అడిగింది. పన్నెండున్నరకు నర్సు కుర్చీలు సర్దడం మొదలుపెట్టింది.

వరుస ఖాళీ అయ్యాక, పావు తక్కువ ఒంటిగంటకు ఆయన వచ్చాడు. మమ్మల్ని ఎరగనట్టు రెండు కుర్చీల అవతల కూర్చున్నాడు. మేమూ ఎరగనట్టే ఉన్నాం. నంబరు పిలిస్తే లోపలికి వెళ్ళి చాలాసేపు ఉన్నాడు. రక్తం తీసిన చోట దూది పెట్టుకుని, మరో చేత్తో మందుల పొట్లం పట్టుకుని బయటికొచ్చాడు. అవి ఈరోజే మొదలుపెట్టమన్నారని, చెమటల సంగతి తేల్చడానికి ఛాతీ ఫోటో తీయించమన్నారని గోడకు చెబుతున్నట్టు అన్నాడు. పిన్ని గట్టిగా ఊపిరి వదిలింది.

మెట్ల కింద ఎవరూ లేని చోట పిన్ని కాగితం ఇచ్చింది. ఆయన అక్కడే నిలబడి నింపి, మడిచి ఇచ్చాడు. పిన్ని విప్పి చదివింది. ఎవరు రావాలి అన్న చోట మామయ్య. ఆయన రాలేని రోజు అన్న చోట పిన్ని.

"ఎనిమిదేళ్ళ నుంచి నీ వెంట తిరుగుతున్నది నేనురా" అంది పిన్ని. నవ్వుతూనే అంది గానీ నవ్వు సరిగా రాలేదు.

"అందుకేనక్కా. మామయ్య వస్తాడు, టీ తాగుతాడు, ఇవ్వాల్సింది ఇచ్చి వెళ్ళిపోతాడు. ఏమీ అడగడు." ఆయన మందులు చొక్కా లోపల పెట్టుకుని, మేం వెళ్ళబోయే దారికి ఎదురు దారిలో వెళ్ళిపోయాడు.

బస్సులో పిన్ని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నాలుగు స్టాపులు దాటాక ఇటు తిరిగింది.

"నేను మరీ ఎక్కువ అడుగుతానా?"

అబద్ధం చెబుదామా అని కాస్త ఆలోచించాను.

"కొంచెం" అన్నాను.