పొడి బియ్యం

ఆరేళ్ళ కిందట, నర్సీపట్నంలో మా ఇంట్లో, అత్తయ్య కామేశ్వరమ్మగారి పగడాల దండ పోయింది. పోలీసులదాకా ఎందుకని, ఆవిడే ఇంట్లో ఆడవాళ్ళందరికీ తలా గుప్పెడు మంత్రించిన బియ్యం ఇచ్చి నమలమన్నారు. దొంగకి భయంతో నోరెండుతుందట, బియ్యం పొడిగా బయటికొస్తాయట. తోడికోడలు రామాయమ్మవీ, పనిమనిషి కొండలమ్మవీ ముద్దగా పడ్డాయి. నావి అరిటాకు మీద గలగలా రాలాయి.

కొండలమ్మ అప్పట్నుంచి నా పెట్టె చుట్టూ కాస్త నెమ్మదిగా తుడిచేది.

నేను తియ్యలేదు. కానీ సాక్ష్యం చెప్పింది నా నోరే, దాన్నెలా కాదనను? ఒక మధ్యాహ్నం తలుపు వేసుకుని నా పెట్టె నేనే వెతికాను. దండ కనబడకపోయినా మనసు తేలికపడలేదు. ఎక్కడ దాచి మరిచిపోయానా అని ఆలోచించాను.

తర్వాత్తర్వాత మెతుకు మింగుడుపడటం మానేసింది. కళ్ళలో ఇసుక పోసినట్టుండేది. నీళ్ళసీసా లేనిదే గుమ్మం దాటలేకపోయాను. మావారు భానుమూర్తికి సెలవు దొరక్క, అత్తయ్యని తోడిచ్చి విశాఖపట్నం పంపించారు.

అక్కడ ఆసుపత్రిలో నా కింది పెదవి లోపల్నుంచి చిన్న ముక్క తీశారు. దాన్ని పొరలుగా కోసి, రంగులద్ది గాజుపలక మీద పెట్టి, మళ్ళీ మేం వెళ్ళిన రోజున డాక్టరమ్మ మైక్రోస్కోపులో చూడమంది.

లేత గులాబీరంగు గుత్తులు. నోట్లో తడి ఊరే గ్రంథులట. వాటిని కమ్ముకుని నీలం చుక్కలు, సంతలో మూగిన జనంలా.

"ఈ చుక్కలు పురుగులా అండీ?"

"కాదమ్మా, మీ ఒంట్లోని కణాలే. మిమ్మల్ని కాపాడాల్సినవి. మీ గ్రంథుల్నే పరాయివనుకుని మీద పడ్డాయి. అందుకే నోరూ కళ్ళూ ఎండిపోతున్నాయి. ఒకచోట యాభైకి మించి ఇలా గుంపు కడితే, అదే ఈ జబ్బుకి మాకు గుర్తు."

కన్ను తియ్యలేకపోయాను. నేను పిల్లలకి జడలు వేస్తున్నప్పుడూ, నిద్రపోతున్నప్పుడూ లోపల ఇదంతా జరుగుతూనే ఉంది. నన్ను ద్వేషించేవాళ్ళెవరూ అక్కడ లేరు. అంతా నేనే.

అత్తయ్య కళ్ళజోడు తీసి చాలాసేపు చూశారు.

"వీటికెవరు సెప్పారమ్మా, అది పరాయిదని?"

"అదే ఇంకా ఎవరికీ తెలీదండీ."

"ఆరేళ్ళ కిందటే ఉంటుందంటావా ఇది?"

"ఉండొచ్చు. మెల్లగా వస్తుంది."

దండ నేను తియ్యలేదని ఆ గాజుపలక చెప్పదు. నా నోరు మాత్రం తన సాక్ష్యం వెనక్కి తీసుకుంది. ఆ గదిలో, ఎవరికోసమూ కాకుండా, నన్ను నేను మొదటిసారి నమ్మాను.

బయట వరండాలో బల్లమీద కూర్చున్నాక అత్తయ్య ఏదో అనబోయారు. పెదవులు నాలుకతో తడుపుకోవాలని చూశారు.

"వర్ధనం, ఇప్పుడా బియ్యం నా నోట్లో పోస్తే పొడిగానే రాల్తాయే," అన్నారు నేలకేసి చూస్తూ. "నీ సీసాలో నీళ్ళున్నాయేటి?"

మూత తీసి ఇచ్చాను.