ముందుగాల సూది

"నీళ్లు సక్కగ కాగవెడ్తె పిలగానికి కామెర్లెందుకు వస్తయే?" అన్నాడు మా ఆయన, నేను కాచి వడగట్టిన నీళ్లనే గటగటా తాగి, గ్లాసు అక్కడే కింద పెట్టి.

మా ఆయన రాజేశ్వర్. బాన్సువాడలో ఇంత తెలివైనవాడు ఇంకొకడు లేడని వాళ్లమ్మ సాయవ్వ నమ్మకం. పొద్దున లేస్తూనే బిందెడు నీళ్లు కాచేది నేను, చల్లార్చేది నేను, ఆ తర్వాత బడికి పరుగెత్తి పిల్లలకు చేతులు కడుక్కోవాలని పాఠం చెప్పేదీ నేనే. నెల కింద మా కొడుకు అఖిలేశ్‌ను బండి మీద తిప్పి, బస్టాండు దగ్గర ఐసు వేసిన చెరుకురసం తాగించింది మాత్రం ఆయన. "మన చెరుకే గద, ఏమైతది?" అన్నాడు. చెరుకు మనదే, ఆ ఐసు ఏ నీళ్లతో చేశారో? దొంగే దొంగ దొంగ అని అరిచినట్టు, ఇప్పుడు నేరం నాది.

వాడి కళ్లు పచ్చబడగానే అత్త పక్కనున్న పిట్లం ఊరికి తీసుకుపోయి ముక్కులో పసరు పోయించింది. వద్దన్నాను. "మేం పెంచలేదా పిల్లల్ని?" అంది. పెంచింది. పెంచిన కొడుక్కి తాగిన గ్లాసు తీయడం కూడా రాదు.

"బాబుకు తగ్గిపోతదమ్మా. కానీ ఇది ఇంట్లో ఇంకొకరికి అంటుకుంటది, పాపకు జల్ది టీకా ఏపియ్యి. సర్కారు దవాఖానల దొరకదు, నేను నిజామాబాద్ నుంచి తెప్పిస్త" అన్నాడు, తర్వాత నేను వాణ్ణి తీసుకుపోయి చూపించిన డాక్టరు. పాప అంటే నా ఐదేళ్ల భాగ్యశ్రీ. అన్న ఎంగిలి తాగందే దానికి దాహం తీరదు. భయంతో గంటకోసారి దాని కళ్లు చూస్తూ, ఇంట్లో అడిగాను. అడగడం నాకు అలవాటు. పుట్టింటికి పోవాలన్నా, జాకెట్టు కుట్టించుకోవాలన్నా అడుగుతాను.

"గంత ఖరీదు సూదా? రాని రోగానికి?" అని ఆయన నవ్వాడు. "కామెర్లు వస్తయి, పోతయి. నాకు రాలేదా?"

"ఆడివిల్ల, ఓర్సుకుంటది తియ్" అంది అత్త.

ఆ మర్నాడే మా వాడకు పశువుల డాక్టరు గాలికుంటు టీకాలు వేయడానికి వచ్చాడు. అప్పుడు చూడాలి మా ఇంటి సందడి! అత్త మోకాళ్ల నొప్పులు మరిచి బర్రె తాడు పట్టుకుంది. మా ఆయన లుంగీ ఎగ్గట్టి దాని వీపు నిమిరాడు. తన బర్రెకు వద్దేమోనని పక్కింటి బాలన్న నసిగితే, "రోగమొచ్చినంక ఏం జేస్తవ్ బాలన్నా? ముందుగాల్నే ఏపియ్యాలె" అని బుద్ధి చెప్పాడు. పాలిచ్చే బర్రె మరి.

నాకు కోపం కూడా రాలేదు. ఈ మనిషి సరేననే మాట కోసమా ఇన్నేళ్లు కాచుకున్నాను అని నా మీద నాకే రోత పుట్టింది. వెంటనే పాపకు టీకా తెప్పించమని డాక్టరుకు కబురు పంపాను. ఆ నెల జీతం ఆయన చేతిలో పెట్టలేదు. మందు రాగానే, బడి విడిచాక పాపను తీసుకుని పోయి సూది వేయించాను. కాసేపు ఏడ్చి ఊరుకుంది.

ఇంటికి రాగానే పాపే చెయ్యి చూపించి, "డాడీ, నాకు సూదేసిన్రు" అని చెప్పేసింది. ఆయన మంచం మీంచి లేచాడు.

"ఎవర్నడిగి ఏపిచ్చినవే?"

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను పాప చెప్పులు విప్పుతూనే జవాబిచ్చాను.

"ఎవర్నీ అడగలే. ఆర్నెల్లకు ఇంకో సూది ఉన్నది. అప్పుడు గూడ అడగ."