చల్లగా లేని నీలం

గునపం పని అయిపోయింది. ఇక తాపీతో గీకాలి. మొలలోతు గోతిలో గొంతుక్కూర్చుని నిదానం మట్టిని పొరలుగా తీస్తున్నాడు. నెమ్మదిగా తవ్వుతాడని పనిలో పడ్డ ఆ ‘నిదానం’ పేరే ఇంట్లోనూ స్థిరపడిపోయింది. పొట్టి మెడ, బండ వేళ్లు. కుడి బొటనవేలికి గోరు లేదు.

“నువ్వు తవ్వేలోపు నీళ్లే విసుగొచ్చి పైకొచ్చేస్తాయిరా,” అన్నాడు గట్టు మీద నుంచి బావ. పక్కనున్న సూపర్‌వైజరు నవ్వాడు. ఈ వీధిలో పాతబడ్డ నీళ్ల గొట్టం ముక్క కోసి కొత్తది వేయాలి. ఆ పనికి మేస్త్రీ బావే.

అమ్మానాన్నలు పోయాక అక్కతోపాటు తమ్ముణ్ణీ ఇంట్లో పెట్టుకున్నవాడు బావ. ఎరుపు కరెంటుది, పసుపు గ్యాసుది, ఆకుపచ్చ టెలిఫోనుది, నీలం నీళ్లది అని పని నేర్పినవాడూ అతనే. “భూమి లోపల మనకి కళ్లుండవురా, రంగే కళ్లు,” అనేవాడు. ఆ ఒక్క మాట పెట్టుబడితో నిదానం ఇన్నాళ్లూ బతికాడు. నష్టం రాలేదు.

కోత పనంటే ఇద్దరూ గోతిలో దిగాలి. ఒకరు గొట్టం పట్టుకుంటే ఒకరు రంపం లాగుతారు. పట్టుకునేది ఎప్పుడూ బావే. ఇవాళ మాత్రం మోకాలు నొప్పంటూ గట్టు మీద చెక్క వేసుకుని దాని మీదే నిలబడ్డాడు. పొద్దున ఇంట్లో కొత్త రబ్బరు గ్లౌజులు చేతికిచ్చాడు. నీళ్ల పనికి ఇవెందుకని నిదానానికి అనిపించింది కానీ అడగలేదు. ఊరికే వచ్చిన సరుకుని తూకం వేసేదెవరు?

తాపీ అంచున నీలం కనబడింది.

“అదే. కోసెయ్,” అన్నాడు సూపర్‌వైజరు. అంతలో ఫోను మోగి రోడ్డు అవతలికి వెళ్లాడు.

నిదానం గ్లౌజులు తీసి గట్టు మీద పెట్టాడు. కోసే ముందు చేతి వెనకవైపు ఆనించి చూడటం అతని అలవాటు. వాల్వు కట్టేసినా నీళ్ల గొట్టం లోపలి తడికి కుండలా చల్లగా ఉంటుంది. ఇది పొడిగా, వెచ్చగా ఉంది. ఇంకాస్త మట్టి తీస్తే అతుకు బయటపడింది. దాని మీద తీగ ఎడమవైపుకి మెలి తిరిగి, కొస లోపలికి మడిచి ఉంది. ఎడమచేతి వాటం ముడి. బావది.

“బావా, ఇది వెచ్చగా ఉంది.”

“ఎండకి.”

“మట్టి కింద ఎండేంటి బావా?”

బావ చెక్క మీదే గొంతుక్కూర్చున్నాడు. “అరవకు. అప్పట్లో ఎర్ర గొట్టం అయిపోయింది. పని ఆగిపోతుందని మిగిలిన నీలంలో కరెంటు కేబులు తోసేశా. కప్పెట్టాక ఎవడు చూస్తాడు?”

“నాకు చెప్పొచ్చుగా?”

“ఆయన ఎదురుగా ఎలా చెప్పమంటావ్? పక్కనే అసలు నీళ్లదీ ఉంది. ముందు అదే తగులుద్దనుకున్నా.”

“పొద్దున ఇంట్లో ఆయన లేడుగా.”

నిదానానికి లెక్క తేలింది. ఉన్నవి రెండు నీలాలు. నీళ్లది తగిలితే మేస్త్రీగిరీ నిలుస్తుంది, మనిషీ ఉంటాడు. కలిసిరాకపోతే పోయేది గోతిలో ఉన్న ఒక్కడే. గ్లౌజులు ఆ బేరంలో కొసరు.

“మీ అక్క మొహం చూసైనా నోరు మూసుకోరా. పని పోతే తినేదేంటి?”

“అక్కకి తెలుసా?”

బావ మోకాలు రుద్దుకున్నాడు. “గ్లౌజులు కొనివ్వమంది మీ అక్కే.”

నిదానం జేబులోంచి ఎర్ర టేపు తీసి, నీలం మీద నీలం కనబడనంత దట్టంగా చుట్టాడు. గోతిలోంచి పైకెక్కి, ప్యాంటు దులుపుకున్నాడు. బావ చెయ్యి చాచాడు. దాన్ని పట్టుకోలేదు.

సూపర్‌వైజరు తిరిగొచ్చి, “ఏమైంది? ఆపావేం?” అన్నాడు.

“ఇందులో కరెంటుంది సార్. ఎవర్నీ దింపకండి.”

“నీలంలో కరెంటా! వేసిందెవడు?”

“మేస్త్రీని అడగండి.”

ఇంటికి కుడివైపు తిరగాలి. నిదానం ఎడమవైపు నడిచాడు. “రేయ్, అన్నమైనా తిని పోరా!” అని బావ కేకేశాడు. మలుపు దాకా నిదానం బండ చేతులు ఊగుతూ కనిపించాయి, ఆ తర్వాత లేవు.

గట్టు మీది మట్టిలో కొత్త గ్లౌజులు పడి ఉన్నాయి. ఒకదాని వేళ్లు, చెయ్యింకా లోపలే ఉన్నట్టు, ఉబ్బి ఉన్నాయి.