అన్న మాత్ర, తమ్ముడి తొడలు

గోడలకు రంగులేసే అన్నదమ్ములిద్దరికీ కొలెస్ట్రాల్ ఉంది. "ఒకే రక్తంరా, ఒకే మాత్ర," అంటూ అన్న తన మాత్రలే తమ్ముడితోనూ మింగించాడు. నెల తిరిగేసరికి తమ్ముడి తొడలు పట్టేశాయి. నిచ్చెన రెండో మెట్టుకే ప్రాణం పోయినంత పనయ్యేది.

"పనిదొంగ!" అని అన్న ఎగిరిపడ్డాడు.

తమ్ముడు ఒళ్లు మండి అతన్నీ డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాడు.

"లివర్‌లో ఈ మందును అరగదీసే ఎంజైము మీ అన్నయ్యకి చురుగ్గా ఉండొచ్చు. మీకు మందకొడి. నిన్నటి మందు ఖర్చవకముందే ఇవాళ్టిది వచ్చి పడుతోంది. అలా పేరుకున్న మందే కండరాల్ని దెబ్బతీస్తోంది," అందామె పరీక్షలు చూసి. వేరే దారిన అరిగే మాత్ర రాసింది.

మూడు వారాలకు తమ్ముడు చకచకా పైమెట్టెక్కాడు. రంగుచుక్క అన్న బట్టతల మీద పడింది. తిట్లకు సిద్ధమై కిందికి చూశాడు.

"పడితే పడిందిలే, ముందా మూల కానీ," అన్నాడు అన్న, నిచ్చెనను ఇంకా గట్టిగా పట్టుకుని.