సూది పడని చెయ్యి

నాలుగు మూలలా ఎలాస్టిక్ కుట్టిన దుప్పటిని ఒక్క మనిషి మడతపెట్టాలంటే రెండు చేతులు చాలవు, గడ్డం కూడా సాయం రావాలి. ఒక మూలలో చెయ్యి దూర్చి, దాన్ని రెండో మూలకి తొడిగి, జారిపోతున్న గుడ్డని గడ్డంతో అదిమిపట్టి, పొట్టకి ఆనించుకుని మడత వెయ్యాలి. ముసలివాళ్ళ హోమ్ లాండ్రీలో ఆమె అలాంటి దుప్పట్లు రోజుకి నూటిరవై మడతపెట్టేది. తొమ్మిదేళ్ళ నుంచి అదే పని. మీ ఆవిడ ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే "ఏముంది, దుప్పట్లు మడతపెట్టడమే" అనేవాడు ఆమె భర్త. అతను పొద్దున్నే లేచి తన దుప్పటిని కాలితో తన్నేసి వెళ్ళిపోయేవాడు. సాయంత్రం వచ్చేసరికి అది మంచం చివర మడతలో ఉండేది. దుప్పట్లు వాటంతటవే మడతపడతాయనే అతని నమ్మకం.

ఆ రోజు మధ్యాహ్నం సూపర్‌వైజర్ లాండ్రీ తలుపు మీద ఒక కాగితం అంటించింది. గురువారం నాడు హోమ్‌లో పనిచేసే అందరికీ అక్కడే టీకా వేస్తారు. వేయించుకున్నవాళ్ళకి ఆకుపచ్చ బిళ్ళ ఇస్తారు. అది ఉన్నవాళ్ళే పై అంతస్తు గదుల్లోకి వెళ్ళాలి. కింద పేర్ల జాబితా ఉంది. అందులో ఆమె పేరు లేదు, ఉండదని ఆమెకి తెలుసు. పదిహేడో వరసలో ఆమె తోటికోడలి పేరు ఉంది. ఆమె జేబులోంచి పెన్ను తీసి ఆ పేరు పక్కన, తొమ్మిదేళ్ళుగా పెడుతున్నట్టే, సంతకం పెట్టింది.

ఆ ఉద్యోగం నిజానికి తోటికోడలిది. ఈ పరాయి దేశంలో పని చేసుకోవచ్చని ముద్ర ఉన్న కార్డు ఇంట్లో ఆడవాళ్ళలో ఆమెకే ఉంది. పెద్దకోడలి కార్డు మీద మాత్రం 'ఆశ్రితురాలు, పని చేయరాదు' అని ఉంది. చిన్నకోడలు లాండ్రీలో చేరిన మొదటి వారంలోనే కడుపులో కవలలున్నారని, మంచం దిగకూడదని డాక్టరు చెప్పింది. అప్పుడు అన్నదమ్ములిద్దరూ కూర్చుని తేల్చారు. "రెండు నెలలేగా, నువ్వు వెళ్ళిరా. ఆ ఫోటోలో ఉన్నది నువ్వో ఆమో వాళ్ళకేం తెలుస్తుంది. వాళ్ళ కళ్ళకి మనమంతా ఒకటే" అన్నాడు భర్త. ఆ కవలలు ఇప్పుడు రెండో తరగతి. రెండు నెలలు మాత్రం ఇంకా అవలేదు.

లాండ్రీలో ఆమెని తోటికోడలి పేరుతో పిలుస్తారు. ఇంట్లో భర్త "ఏమే" అంటాడు, మరిది "వదినా" అంటాడు, పిల్లలు "పెద్దమ్మా" అంటారు. సొంత పేరుతో పిలిచే మనిషి ఒక్కరే మిగిలారు, ఫోన్లో అమ్మ. ఆరేళ్ళ క్రితం ఆవిడ కూడా పోయింది. వెళ్తానని ఆమె ఏడిస్తే భర్త నెమ్మదిగానే చెప్పాడు, అతను గొంతు పెంచే రకం కాదు. "సెలవు కాగితంలో ఏమని రాస్తావు? ఆ పేరు గలావిడ తల్లి బతికే ఉంది కదా." అమ్మని తీసుకెళ్ళిపోయే గంటలో ఆమె మెషిన్ ముందు నిలబడి, గుండ్రటి అద్దంలోంచి తెల్లటి గుడ్డలు తిరగడం చూస్తూ ఉండిపోయింది. పక్కన ఉన్నావిడ ఏమైందని అడిగితే సబ్బు నురగ కళ్ళలో పడిందని చెప్పింది.

టీకా కాగితం చూసిన ఆ సాయంత్రం ఇంటికి వస్తూ ఆమె చాలా రోజుల తర్వాత కాస్త వేగంగా నడిచింది. ఆమెకి యాభై ఎనిమిదేళ్ళు, షుగరు ఉంది, మెట్లెక్కితే ఆయాసం. ఈ మాయదారి జబ్బు వచ్చాక పక్క వీధి కుట్టుపనాయన పోయాడు, రొట్టెల దుకాణం ముసలావిడ పోయింది. రోజూ రెండొందలమంది విడిచిన బట్టల మూటలు విప్పేది తను. భయపడడానికి కూడా తీరిక ఉండేది కాదు. టీకా అనగానే ఆ భయమంతా ఒక్కసారిగా గుర్తొచ్చి, అంతలోనే తేలికైంది.

ఇంట్లో చెప్పింది. మగవాళ్ళిద్దరికీ వాళ్ళ గోడౌన్లో ఎప్పుడో వేసేశారు. మరిది అన్నం కలుపుకుంటూనే అన్నాడు.

"వదినా, గురువారం మీరు వెళ్ళకండి. ఈమెని పంపిద్దాం. పేరు ఈమెదేగా."

భర్త తల ఊపాడు. "వాడు చెప్పింది నిజమే. ఆ పేరు మీద నీకు వేసేస్తే ఇక ఆమెకి ఎక్కడా వెయ్యరు. పిల్లల బడి గేటు దగ్గర కాగితం అడుగుతున్నారట. పేరు ఎవరిదో సూది వాళ్ళకే పడాలి. న్యాయం కూడా అదే."

"మరి నాకు?"

"నీదేముందే, నువ్వు ఇంట్లో ఉండేదానివేగా. నీ కార్డు మీద అలాగే రాసుంది."

ఆ మాట అన్నప్పుడు ఆమె కాళ్ళకి ఇంకా లాండ్రీ మేజోళ్ళే ఉన్నాయి. ఇంటికొచ్చి వంట అందుకునే తొందరలో విప్పలేదు. అతను వెటకారంగా అన్నా బాగుండేది. కూరలో ఉప్పు సరిపోయిందన్నంత మామూలుగా అన్నాడు.

తోటికోడలు వంటగదిలోకి వెనకే వచ్చింది. మంచిపిల్ల, చెడ్డదని ఎవరూ అనలేరు. "అక్కా, నీకు కష్టంగా ఉంటే వద్దులే. నాకసలే సూదంటే భయం" అంది. అంటూనే, "గేటు దగ్గర ఏమైనా అడుగుతారా?" అని కూడా అంది.

అప్పుడు ఆమె తోటికోడలికి తన్ను తాను నేర్పింది. గేటు దగ్గర మాట్లాడక్కర్లేదు, చెయ్యి ఎత్తితే చాలు. కుడివైపు మెట్లు. నాలుగో లాకరు, దాని తలుపు కొంచెం పైకెత్తి లాగాలి. వంటాయన జోక్ వేస్తాడు, అర్థం కాకపోయినా నవ్వాలి. సూపర్‌వైజర్ పిలిస్తే ఒక్క క్షణం ఆగి పలకాలి, ఎందుకంటే నేనలాగే పలుకుతాను. మాస్కు, టోపీ, నీలం ఏప్రన్ ఇచ్చింది. తోటికోడలు వాటిని వేసుకుని అద్దం ముందు నిలబడింది. పొడుగులో నాలుగు వేళ్ళు తేడా, వయసులో పద్దెనిమిదేళ్ళు. ఎలా నమ్ముతారు అనుకుంది ఆమె. గురువారం పొద్దుటినుంచీ దొరికిపోతుందేమోనని వణికింది. కవలలకి జడలు వేస్తూ, గిన్నెలు తోముతూ, దొరికిపోతే బాగుండునని కూడా అనుకుంది. ఎవరో ఒకరు ఆ పిల్లని నిలబెట్టి "రోజూ వచ్చే ఆవిడేది?" అని అడిగితే బాగుండును.

తోటికోడలు మూడింటికల్లా వచ్చేసింది. "ఎవరూ గుర్తుపట్టలేదక్కా. సూపర్‌వైజర్ అయితే భుజం తట్టి, ఈ మధ్య చిక్కిపోయావు అంది."

సాయంత్రం ఆ మాట విని భర్త కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాడు. "నేను చెప్పలేదూ?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, మజ్జిగ తేవడానికి లేచింది. తొమ్మిదేళ్ళు ఒకచోట నిలబడితే గోడకి కూడా మరక పడుతుంది. తను ఆ మాత్రం మరకైనా పడలేదన్నమాట.

రెండు రోజులు తోటికోడలికి చెయ్యి నొప్పి, ఒళ్ళు వెచ్చబడింది. ఆమె తడిగుడ్డ వేసింది, పిల్లల్ని చూసింది, కాఫీ మంచం దగ్గరికి అందించింది. మధ్యలో పనికి వెళ్ళింది. లాండ్రీలో సూపర్‌వైజర్ ఎదురొచ్చి, తోటికోడలి పేరుతో పిలిచి, ఏప్రన్ మీద పచ్చబిళ్ళ తనే గుచ్చింది. "చెయ్యి ఎలా ఉంది? నొప్పిగా ఉంటే ఇవాళ మూటలు ఎత్తకు" అంది.

ఆ లాండ్రీలో అంత ఆప్యాయంగా ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. "కొంచెం నొప్పిగానే ఉంది" అని, సూది పడని ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకుంది. ఆ పూటంతా అలాగే, నొప్పిలేని చేతిని కాపాడుకుంటూ పనిచేసింది.

మధ్యాహ్నం ఆమెకి పై అంతస్తు బండి అప్పజెప్పారు. ఐదు నెలలుగా లాండ్రీవాళ్ళని పైకి రానివ్వలేదు. మామూలుగా అయితే పరుగెత్తేది. మూలగదిలో ఒక ముసలావిడ ఉంటుంది. ఒకప్పుడు సిటీ బస్సు నడిపిందట. మతి సరిగా లేదు, ఎవరొచ్చినా ప్రయాణికులే. దుప్పటి మార్చడానికి వెళ్ళినప్పుడల్లా ఈమె మణికట్టు పట్టుకుని "ఏ స్టాపులో దిగాలమ్మా?" అనేది. "నా స్టాపు ఇంకా రాలేదండీ" అంటే, "అయితే కూర్చో, నిలబడకు" అని మంచం మీద చోటు చూపించేది. పగలంతా ఆమెని కూర్చోమనే మనిషి ప్రపంచంలో ఆవిడొక్కతే.

గది తలుపు తీసేసరికి ఆవిడ సగమైపోయి ఉంది. ఊపిరి తీస్తుంటే మెడ దగ్గర గుంట పడుతోంది. కళ్ళు మాత్రం వెలిగాయి, చెయ్యి చాచింది. "ఎక్కమ్మా, ఎక్కు. తలుపు వేసేస్తున్నాను."

ఆమె గడప దగ్గరే ఆగిపోయింది. గుండె మీద పచ్చబిళ్ళ ఉంది. తన ఒంట్లో ఏముందో తనకి తెలియదు. పొద్దుటినుంచి ఎన్ని మూటలు విప్పిందో మాత్రం తెలుసు. బిళ్ళని చూసే పైకి రానిచ్చారు. ఆ బిళ్ళ అబద్ధమని ఈ హోమ్‌లో తెలిసిన మనిషి తనొక్కతే. దుప్పటిని గడప పక్కనున్న కుర్చీ మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసింది. ఆవిడ చాచిన చెయ్యి కాసేపు గాలిలో ఉండి, మెల్లగా మంచం మీదికి వాలింది. "ఎక్కలేదా? సరే, వెనక ఇంకో బస్సు వస్తుంది" అంది.

మెట్లు దిగుతూ ఆమె బిళ్ళ తీసి జేబులో వేసుకుంది. బండి తోసే పని ఇంకొకరికి ఇవ్వమని, చెయ్యి నొప్పని చెప్పింది. ఆ అబద్ధాన్ని మాత్రం అందరూ సులువుగా నమ్మారు.

బస్టాపు ఎదురుగా ఆరోగ్య కేంద్రం ఉంది. దాని గోడ మీద వారం రోజులుగా ఒక గుడ్డ బ్యానరు వేలాడుతోంది. ఏడు భాషల్లో రాశారు, వాటిలో ఆమెది లేదు. ఇక్కడి అక్షరాలు ఆమెకి ఎవరూ నేర్పలేదు. సబ్బు పొడి పెట్టెల మీదా, చొక్కా కాలరు వెనక చీటీల మీదా చూసి చూసి తనే కూడబలుక్కుంది. టీకా అందరికీ. ఇక్కడ నివసించే ఎవరైనా సరే. ఏ దేశస్థులైనా సరే. ఏ కార్డు ఉన్నా సరే. దాని గురించి ఇంట్లో ఒకసారి అంటే, "అదంతా వల. లోపలికి పిలిచి ఏం పని చేస్తున్నావని ఆరా తీస్తారు. నీతోపాటు అందరం మునుగుతాం" అన్నాడు భర్త. ఆ మాటని ఈ వారమంతా ఆమె కొంగున ముడివేసుకునే తిరిగింది.

శనివారం ఆమెకి సెలవు. కూరగాయలకని సంచి తీసుకుంది. భర్త చొక్కాల అడుగున ప్లాస్టిక్ కవరులో అందరి కార్డులూ ఉంటాయి. వాటిలోంచి తనది తీసి సంచిలో వేసుకుంది. కార్డు మీది ఫోటోలో జుట్టు ఇంకా నల్లగా ఉంది.

ఆరోగ్య కేంద్రంలో బల్ల దగ్గర కూర్చున్న గుమస్తా తలెత్తకుండానే పేరు అడిగాడు. నాలుక చివరికి తోటికోడలి పేరే వచ్చింది. దాన్ని మింగి తన పేరు చెప్పింది. అది ఎవరి పేరో పిలిచినట్టుగా, చిన్నగా బయటికొచ్చింది.

"కొంచెం గట్టిగా చెప్పండి."

మళ్ళీ చెప్పింది. అతను పలకబోయి తడబడ్డాడు. ఆమె అక్షరం అక్షరం విడదీసి చెప్పింది. అతను అలాగే పలికి, బాగుందా అన్నట్టు చూశాడు. బాగుంది. అమ్మ తర్వాత ఆ పేరు పలికిన మొదటి మనిషి అతనే.

"ఉద్యోగం?" అన్నాడు.

ఆమె తలుపు ఎంత దూరముందో చూసుకుంది. అతను ఇంకో కాగితం తీస్తూ, "చెప్పడం ఇష్టం లేకపోతే ఖాళీగా వదిలేయచ్చండీ, అది లెక్కలోకి రాదు" అన్నాడు. ఇన్నేళ్ళ భయం ఒక చిన్న ఖాళీ గడిలో పట్టేసింది.

లోపల నర్సు దూది తీస్తూ, "ఎక్కువ పనిచేసే చెయ్యి కాకుండా రెండోది ఇవ్వమ్మా" అంది. ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. ఏది ఇవ్వాలో తేలలేదు. నర్సు కాసేపు చూసి, నవ్వి, ఎడమ చెయ్యి తనే తీసుకుంది.

రెండో సూదికి మూడు వారాల తర్వాత రమ్మని కాగితం ఇచ్చారు. దాని మీద ఆమె పేరు అచ్చులో ఉంది. "ముసలివాళ్ళ హోమ్‌లో ఎవరినైనా చూడ్డానికి వెళ్ళాలంటే ఈ కాగితం చాలునా?" అని అడిగింది.

"రెండోది కూడా పడ్డాక వెళ్ళచ్చు. మీవాళ్ళెవరైనా ఉన్నారా అక్కడ?"

"ఉన్నారు. బస్సు నడిపేవారు."

మూడు వారాలు ఆవిడ ఆగుతుందో లేదో. ఆ ఆలోచన దారి పొడుగునా ఆమెతోనే నడిచింది. ఆగితే, ముందు గేటులోంచి చూడ్డానికి వచ్చినవాళ్ళతో కలిసి వెళ్తుంది, తన పేరు రాసి వెళ్తుంది. సూపర్‌వైజర్ గుర్తుపడితే? పట్టనీ. పడితే, అదే మొదటిసారి అవుతుంది.

ఇంటికొచ్చి ఆ కాగితాన్ని వంటగది గోడకి, మగవాళ్ళ టీకా కాగితాల పక్కన అంటించింది. ఉతికి ఆరిన నీలం ఏప్రన్‌కి పచ్చబిళ్ళ గుచ్చి, మడతపెట్టి తోటికోడలి మంచం మీద పెట్టింది. అప్పటికే భుజం సలుపుతోంది. పగలు మంచం మీద పడుకోవడం ఆమెకి అలవాటు లేదు. పడుకుంది.

భర్త కాగితం చూసి గుమ్మంలో నిలబడ్డాడు. "ఏం అడిగారు వాళ్ళు?"

"పేరు."

"చెప్పేశావా?"

"చెప్పాను."

అతను కిటికీ తెర తప్పించి వీధిలోకి చూశాడు. ఎవరూ వెంటపడి రాలేదని తెలిశాక గొంతు మామూలైంది. "సరేలే, అయిందేదో అయింది. సోమవారం నీది పొద్దున షిఫ్టు, గుర్తుందా? అన్నం ముందే వండేసి వెళ్ళు."

వెనక తోటికోడలు ఏప్రన్ చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. "అక్కా, నాకు ఆ ఎలాస్టిక్ దుప్పట్లు మడతపెట్టడం రాదు" అంది మెల్లగా.

"వస్తుంది. గడ్డం కూడా వాడుకో." ఆమె ఎడమ భుజం నొక్కుకుపోకుండా పక్కకి తిరిగి, భర్త వైపు చూసింది. "సోమవారం ఆమె వెళ్తుంది, పేరు ఆమెదేగా. నేను ఇంట్లో ఉండేదాన్నే. నా కార్డు మీద అలాగే రాసుంది."